గంటకి ఒకటి, రెండు గంటలకి నాలుగు

మార్చి 3, సోమవారం

ఈ రోజు రెండు కంప్యూటర్లు వచ్చాయి. రెండూ ట్రయల్‌కే. ఒకటి ఉంచుకుని రెండోది వెనక్కి పంపాలి. ఏది ఉంచుకోవాలో తేల్చే పని నా నెత్తిన పడింది.

చిన్నది కొరియర్‌లో వచ్చింది. మనిషి రాలేదు, ఫోన్ నంబరున్న చీటీ మాత్రం వచ్చింది. పెద్దదాన్ని ఇద్దరు మోసుకొచ్చారు. వెనకాల దాన్ని అమ్మే కంపెనీ అతను వచ్చాడు. అతనికంటే ముందు అతని సెంటు వచ్చింది. కారిడార్ మలుపు తిరక్కముందే ముక్కు పగిలిపోయింది. రేడియేషన్ పేషెంట్లకి అసలే వాసన అంటే వాంతి. బెంచీ మీద ఒకావిడ ముక్కు మూసుకుంటే, తనని చూసి సిగ్గుపడిందనుకున్నాడో ఏమో, ఆమెకి ఓ నవ్వు కూడా విసిరాడు.

ఇకనుంచి అతని పేరు సెంటు.

మా సూపరింటెండెంట్‌కి నేను ఎప్పుడో పెట్టుకున్న పేరు తేనెసీసా. ఆయన పెద్ద పెట్టె చుట్టూ తిరిగి, ఇందులో నాలుగు ప్రాసెసర్లున్నాయట, ఆ చిన్నదాంట్లో ఒక్కటేనట, నాలుగుకీ ఒకటికీ పోలికేమిటన్నారు. ఆ ఒక్కదాంట్లోనే బోలెడు కోర్లున్నాయండీ, ఒక్క చిప్పే అయినా లోపల పనిచేసే చేతులు చాలా అన్నాను. అయితే మీరే తేల్చండి అని టేబుల్ మీది టాఫీల గిన్నె నా వైపు జరిపారు. ఎవరితోనైనా ఉచితంగా పని చేయించుకోవాలంటే ఆ గిన్నె కదులుతుంది.

మార్చి 4, మంగళవారం

ఆ పెట్టెలతో అంత రాద్ధాంతం దేనికని మా ఆయన అడిగాడు.

చెప్పాను. ఒక మనిషికి రేడియేషన్ ఇవ్వాలంటే గడ్డ మీద ఎంత పడాలి, ఏ వైపు నుంచి పడాలి, పక్కనున్న వెన్నుకి తగలకుండా ఎలా తప్పించాలి, ఇదంతా ముందే లెక్క కట్టాలి. ఆ లెక్క పేరు ప్లాన్. నేను కంప్యూటర్ చేత కట్టిస్తాను. పెద్ద డాక్టరమ్మ చూసి ఇక్కడ తగ్గించు, అక్కడ పెంచు అంటుంది. మళ్ళీ మొదటికి. ఇప్పుడున్న ముసలి కంప్యూటర్‌కి ఒక్కో లెక్కకి సగం రోజు కావాలి. ఈలోపు మనుషులు బెంచీ మీద కూర్చుంటారు. గడ్డ మాత్రం కూర్చోదు.

అంతా విని, అయితే వేగంగా ఉన్నది కొనుక్కోండి, ఇందులో తేల్చేదేముంది అన్నాడు. పేపరు తిప్పేశాడు.

మార్చి 6, గురువారం

సెంటు తన టెస్టు తానే తెచ్చుకుని నడిపి చూపించాడు. అంకెల్ని అంకెలతో గుణించే బుల్లి ప్రోగ్రామ్. దానికి మెమరీతో పనే లేదు. ఎవరి మూలన వాళ్ళు కూర్చుని గుణించుకోవడమే. అలాంటి పనికి నాలుగు ప్రాసెసర్లు నాలుగు ఎద్దుల్లా లాగుతాయి, కాదనను. స్క్రీన్ మీద పెద్దదాని స్తంభం నిటారుగా లేచింది. చిన్నదాని స్తంభం మోకాలి దగ్గరే ఆగింది. తేనెసీసా చప్పట్లు కొట్టారు.

మన పని గుణకారం కాదండీ, మనిషి ఒంటినంతా మెమరీలో పరిచి అడుగడుక్కీ దాన్ని తడుముకోవాలి అని చెప్పబోయాను. సెంటు నన్ను దాటేసి, మేడమ్ టెక్నికల్‌గా చాలా స్ట్రాంగ్ అని తేనెసీసాతో అన్నాడు. నేను ఆ గదిలో లేనట్టు. వంటవాడి చేత చిలకజోస్యం చెప్పించి, ఇక వంట బ్రహ్మాండం అన్నట్టుంది.

కోటుకి అతని వాసన అంటింది. ఇంటికొచ్చి రెండుసార్లు ఉతికాను. పోలేదు.

మార్చి 8, శనివారం

ఆడపడుచు దిగింది. రెండు సూట్‌కేసులు, సొంత దిండు, గొంతులో గడ్డ.

బయాప్సీ వాళ్ళ ఊళ్ళోనే అయింది. రేడియేషన్ మా దగ్గర. మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. బ్యూటీపార్లర్ నడుపుతుంది. నా పెళ్ళిలో నా మొహాన వేసిన రంగు చూసి, సున్నం కొట్టిన గోడకి బొమ్మ గీశారా అని పదిమందిలో అన్న మనిషి. ఆ తర్వాత మేము మాట్లాడుకున్నదంతా అవసరానికే.

ఇప్పుడు గొంతు బొంగురుపోయింది. తిట్టాలన్నా దగ్గరికి పిలిచి తిట్టాలి. సోఫా కవర్లు చూసి మొహం చిట్లించింది. మొహం చిట్లించడానికి గొంతుతో పనిలేదుగా.

మార్చి 10, సోమవారం

ఆడపడుచుకి మాస్కు చేశారు. చిల్లుల ప్లాస్టిక్ పలకని వేడినీళ్ళలో మెత్తబరిచి, మొహం నుంచి భుజాల దాకా లాగి నొక్కుతారు. చల్లారేసరికి అది మొహానికి అచ్చవుతుంది. రేడియేషన్ ఇచ్చిన ప్రతిసారీ అదే తొడిగి బల్లకి బిగిస్తారు. మనిషి వెంట్రుకవాసి కదలకూడదు.

బయటికొస్తూనే బేసిన్‌లో కక్కుకుంది. మూతి తుడుచుకుని, దీనికంటే నా పార్లర్‌లో కాలిన జుట్టు వాసన నయం వదినా అంది. బెంచీ మీద పక్కనున్న టైలరమ్మ నవ్వింది. ఆమెకి దవడలో గడ్డ. నవ్వు ఒక పక్కకే వచ్చింది. ఆమెకి మాస్కూ స్కానూ ఎప్పుడో అయ్యాయి. ప్లాన్ కోసం కూర్చుంది. నేను పని ముగించుకుని వచ్చేసరికి ఇద్దరూ ఏ కత్తెర ఎన్నాళ్ళకి మొండిపడుతుందన్న చర్చలో ఉన్నారు. మా ఆడపడుచు ఒకరితో అంతసేపు దెప్పకుండా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

మార్చి 12, బుధవారం

అసలు పని పెట్టాను. పాత పేషెంట్ ప్లాన్ ఒకటి తీసి రెండిటికీ ఇచ్చాను.

చిన్నది గంటలో తేల్చేసింది. పెద్దదానికి గంటా నలభై నిమిషాలు.

సెంటు మొహం చూడాలి. వైర్లు పీకి మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ అంతే.

కారణం పెద్ద రహస్యమేం కాదు. చిన్నదాంట్లో కోర్లన్నీ ఒకే చిప్పు మీద, ఒకే మెమరీ ముందు కూర్చుంటాయి. ఒకరికి కావలసింది ఇంకొకరు చేతికందిస్తారు. పెద్దదాంట్లో నాలుగు చిప్పులకీ ఎవరి మెమరీ వాళ్ళదే. ఒకే మనిషి లెక్కని నాలుగింటికీ పంచితే, ప్రతిదానికీ పక్కవాడి దగ్గరున్నది కావాలి. అడగాలి, ఆగాలి, తెప్పించుకోవాలి. వేరుపడ్డ అన్నదమ్ములు నిచ్చెనకీ సుత్తికీ ఒకరింటికొకరు తిరిగినట్టు. పనికంటే తిరుగుడు ఎక్కువ.

మొన్నటి ఆ నిటారు స్తంభం ఏమయిందని సెంటుని అడగాలనిపించింది. అడగలేదు. మొహం చూస్తే చాలనిపించింది.

మార్చి 13, గురువారం

రాత్రంతా ఒక్క మాటే మెదిలింది. మా బెంచీ మీద ఉండేది ఒక్క మనిషి కాదు కదా.

పొద్దున్నే నలుగురి ప్లాన్లు ఒకేసారి వేశాను. చిన్నదాంట్లో నాలుగూ ఒకే మెమరీ మీద పడ్డాయి. ఒకే తలుపులోంచి నలుగురూ దూరబోయినట్టు. నాలుగూ అయ్యేసరికి నాలుగు గంటలు దాటింది. అంటే ఒకదాని తర్వాత ఒకటి చేసినా అంతే.

పెద్దది ఇంకా ఘోరం. లెక్కలు ఈ ప్రాసెసర్ నుంచి ఆ ప్రాసెసర్‌కి సంచారం చేస్తూ కూర్చున్నాయి. ఆపేశాను. మధ్యాహ్నం తిండి మానేసి, ఒక్కో ప్లాన్‌ని ఒక్కో ప్రాసెసర్‌కి కట్టేశాను. నీ మనిషి నీ మెమరీలోనే, నువ్వు గడప దాటకు అని. మళ్ళీ నడిపాను.

రెండు గంటలకి నాలుగు!

చిన్నది గంటకి ఒకటి. పెద్దది రెండు గంటలకి నాలుగు. ఒక్కరికైతే చిన్నది. పదిమందికైతే పెద్దది, అదీ రెట్టింపు. అంకెలు రెండిట్లోనూ ఒక్కటే వచ్చాయా అని పక్కపక్కన పెట్టి సరిచూశాను. ఒక్కటే.

ఈ ఉద్యోగంలో చేరాక ఇంత సంతోషం ఎప్పుడైనా పడ్డానా? గుర్తులేదు. చెప్పుకోవడానికి ఎవరూ లేక స్వీపర్‌కి చెప్పాను. ఆమె కాళ్ళెత్తమంది.

మార్చి 14, శుక్రవారం

టైలరమ్మ వంతు వచ్చింది. ప్లాన్ తయారు. బల్ల మీద పడుకోబెట్టి మాస్కు తొడగబోతే పట్టలేదు. ఈలోపు దవడ వాచింది. బిగించబోతే మూలిగింది.

అంతా మళ్ళీ మొదటినుంచి. కొత్త మాస్కు, కొత్త స్కాన్, కొత్త ప్లాన్. మళ్ళీ లైను చివర.

ఆమె లేచి కూర్చుంది. పాత మాస్కు ఏం చేస్తారని అడిగింది. పారేస్తామన్నారు. దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూసి, నేను కొలత తప్పితే గుడ్డ డబ్బు కట్టిస్తారు అంది. ఎవరి కొలతా తప్పలేదని నేను చెప్పలేకపోయాను. తప్పు మా ఆలస్యానిది.

 

మార్చి 17, సోమవారం, మధ్యాహ్నం

రిపోర్టు ఇచ్చాను. మొదటి పేజీలో ఒక్క ప్లాన్ సంగతి. రెండో పేజీలో నాలుగు ప్లాన్ల సంగతి. కింద ఒక్క వాక్యం: మన లైను తగ్గాలంటే పెద్దది.

అదే రోజు, సాయంత్రం

తేనెసీసా పిలిచారు. టాఫీ గిన్నె అప్పటికే నా కుర్చీ ముందుంది. అప్పుడే అర్థం కావాల్సింది.

కంప్యూటర్ కొనిస్తున్నది పెద్దాయన. మా బిల్డింగ్ మీద ఉన్న పేరు ఆయనదే. ఇప్పుడు ఆయనకే ఊపిరితిత్తిలో గడ్డట. తను కట్టించిన చోటే వైద్యం చేయించుకుంటానన్నారట. స్కాన్ తీసిన రోజే ప్లాన్ కావాలి, కాఫీ తాగుతూ కూర్చుంటారు, లెక్క అయిపోవాలి. కాబట్టి చిన్నది. నిన్నటిదాకా నాలుగు ప్రాసెసర్లకి చప్పట్లు కొట్టిన మనిషి, ఈ రోజు ఒకే చిప్పు గొప్పతనం నాకే బోధించారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. ఈయనకి రెండూ ఒకేసారి పట్టుకోవడం వచ్చు.

గురువారం మీటింగ్‌లో మొదటి పేజీ ఒక్కటే పెడతారట. రెండో పేజీ గందరగోళంగా ఉందట. ఏదైనా ఇప్పుడున్నదానికంటే మేలే కదా అన్నారు. అది నిజమే. అందుకే ఆ మాట ఇంకా రోతగా ఉంది.

లేవబోతుంటే మెల్లగా అన్నారు. "మీ ఆడపడుచుగారిది కూడా పెద్దాయనతో పాటు అదే రోజు కానిచ్చేద్దాం. మీరు మన మనిషి కదా."

చేతిలో టాఫీ పెట్టారు. పారేయడం మర్చిపోయి ఇంటిదాకా పిడికిట్లోనే పట్టుకొచ్చాను. కరిగి వేళ్ళకి అంటుకుంది. సబ్బుతో కడిగినా ఇంకా తియ్యగా వాసనొస్తోంది. ఛీ.

మార్చి 18, మంగళవారం

మా ఆయనకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. తప్పేముందన్నాడు. చిన్నది మంచిదని నువ్వే రాశావు కదా, మొదటి పేజీ అబద్ధమేం కాదు కదా అన్నాడు. సగం రిపోర్టు అబద్ధం కాదా అన్నాను. నీకు లెక్కలు ముఖ్యమా, నా చెల్లెలు ముఖ్యమా అన్నాడు. ఇలాంటి ప్రశ్నలు ఎక్కడ నేర్చుకుంటారో. పెళ్ళయిన మగవాళ్ళందరికీ ఒకే పుస్తకం ఇస్తారేమో.

గోడ అవతల ఆడపడుచు అంతా వింది. ఆమె గొంతే పోయింది, చెవులు కాదు. వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆ టైలర్ లైనులో ఎక్కడుందని అడిగింది. నీ వెనకాల అన్నాను. నేను ముందుకెళితే ఆమెకేమవుతుందంది. నీ ఒక్కదానివల్ల ఏమీ కాదు, కానీ ఆ పెట్టె కొంటే ఇలా ముందుకెళ్ళేవాళ్ళు రోజూ ఉంటారు అన్నాను.

దిండు మూల నలిపింది. ఆమె ఏం చెబుతుందో నాకు తెలుసనుకున్నాను. ఒకసారి ఆమెని మంచిదాన్ని చేసేసి, ఆమె చేత మంచి మాట అనిపించేసి, నేను తేలిగ్గా బయటపడదామనుకున్నాను.

"ఒప్పుకో వదినా," అంది. "నాకు భయంగా ఉంది."

మార్చి 19, బుధవారం

రెండో పేజీ బ్యాగులో పెట్టుకున్నాను. తీసేశాను. మళ్ళీ పెట్టుకున్నాను.

మార్చి 20, గురువారం

పెద్దాయన పక్క తలుపు నుంచి వచ్చారు. అటువైపు బెంచీ ఉండదు. సన్నగా, మర్యాదగా, దగ్గుతూ ఉన్నారు. నేను వెళ్ళగానే లేచి నిలబడబోయారు. రాక్షసుడిలా ఉంటాడనుకున్నానేమో, అలా లేనందుకు ముందు ఆయన మీదే కోపం వచ్చింది.

గోడ మీద మొదటి పేజీ పడింది. తేనెసీసా చదివారు. సెంటు మూల కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. అతనికీ మొదటి పేజీయే ఇచ్చారు. ఓడిపోయాననుకున్నాడు. పెద్ద డాక్టరమ్మ గడియారం చూసుకుంటోంది. అంతా సజావుగా ముగిసిపోతున్న సమయానికి పెద్దాయన నా వైపు తిరిగారు.

"ఇంతకీ ఏది ఫాస్టమ్మా?"

"ఎవరికండీ?" అన్నాను.

అనాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. తేనెసీసా నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తుడవడం మర్చిపోయినట్టు. పెద్దాయన, నాకనుకో అన్నారు.

"మీకు చిన్నది. బయట బెంచీ మీదున్నవాళ్ళకి పెద్దది."

ఇక ఆపలేదు. గంటకి ఒకటి, రెండు గంటలకి నాలుగు, అంతా చెప్పాను. పేజీ ఆయన చేతికిచ్చాను. మాస్కు పట్టని టైలరమ్మ సంగతి కూడా చెప్పాను. ధైర్యం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది అసహ్యం. వాంతి ఆపుకోలేనట్టే మాట కూడా ఆపుకోలేకపోయాను.

సెంటు కుర్చీలోంచి లేచాడు. ఆ ఆనందం చూడలేకపోయాను. నేను ముందునుంచీ అదే చెబుతున్నాను సర్ అన్నాడు. ఎక్కడ చెప్పాడు? నా నిజం ఒక్క నిమిషంలో అతని సరుకయిపోయింది. తేనెసీసా అతన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. ఎంత ముట్టింది అని.

అప్పుడు పెద్ద డాక్టరమ్మ మాట్లాడింది. తను ఒక్కో ప్లాన్‌నీ మూడు నాలుగుసార్లు మార్పిస్తుందట. గంటలో చేతికొస్తే ఆలోచన తెగదట. రెండు గంటలకి నాలుగు ఒకేసారి మీద పడితే, ఎవరి వెన్ను ఎక్కడుందో మనసులో కలిసిపోతుందని భయమట. అందుకని చిన్నదే అంది. ఆమె ఎవరికీ తేనె పూయదు. అది అబద్ధం కాదు. ఆ గదిలో నిజం మాట్లాడినవాళ్ళం మేమిద్దరం. మా నిజాలు ఎదురెదురు పడ్డాయి.

పెద్దాయన మొహం తేలికపడింది. నా కోసమని ఏదీ వద్దు, డాక్టరుగారు చెప్పిందే చేద్దాం అన్నారు. ఆ మాట ఎంత చక్కగా అందరినీ కాపాడిందో. నా పేజీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. బయట ఎక్కడ పారేశారో.

చిన్నదే.

అదే రోజు, సాయంత్రం

ఏం చెప్పావని ఆడపడుచు అడిగింది. ఉన్నది చెప్పానన్నాను. నాది ముందుగా అవదు కదా ఇక అంది. అవదన్నాను. ఒప్పుకోమని చెప్పాను కదా మరి అంది.  కంచం తోసేసి లేచిపోయింది. మా ఆయన కూడా. ముగ్గురి అన్నం ముందు ఒక్కదాన్నే కూర్చున్నాను.

మార్చి 21, శుక్రవారం

మెమో. అనుమతి లేకుండా దాతగారితో నేరుగా ఎందుకు మాట్లాడానో, పెద్ద కంప్యూటర్ కంపెనీతో నాకేమైనా సంబంధం ఉందో రాతపూర్వకంగా చెప్పాలట. ఉందని రాయాలనిపించింది, సెంటు వాసన ఇంకా నా కోటులో ఉంది కాబట్టి.

మార్చి 25, మంగళవారం

పెద్దాయన కాఫీ తాగారు. లెక్క గంటలో అయింది. చాలా బాగుందమ్మా అన్నారు. ఆయన వెనకాల తేనెసీసా చీటీలతో ఇంకో ముగ్గురు 'ముందు మాది' అంటూ వచ్చారు. ఒకరు తేనెసీసా డెంటిస్టుట. చిన్న పెట్టె పాపం గంటకొకటి చొప్పున అందరికీ చేసింది. దాని తప్పేముంది.

బెంచీ కదల్లేదు.

మార్చి 26, బుధవారం

పెద్దదాన్ని తీసుకుపోవడానికి సెంటు వచ్చాడు. వచ్చి, తీసుకుపోలేదు. లారీ కుదరలేదన్నాడు. కాగితాలు రాలేదన్నాడు. నేను అతన్ని తేరిపార చూశాను. అప్పుడు అసలు మాట చెప్పాడు, సిగ్గు లేకుండా. "వాడుకోండి మేడమ్. అలవాటైతే మీరే వదల్లేరు. మళ్ళీ సంవత్సరం మీవాళ్ళే నన్ను పిలుస్తారు."

మత్తుమందు అమ్మేవాడి మాట.  థాంక్స్ చెప్పాను.

మధ్యాహ్నం పెద్ద డాక్టరమ్మ దగ్గరికెళ్ళి అడిగాను, నాలుగు ప్లాన్లు ఒకేసారి వచ్చినా ఒక్కొక్కటీ విడివిడిగా మీ ముందు పెడతాను, మీరు ముగించాకే రెండోది తెరుస్తాను అని. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మీటింగ్‌లోనే ఈ మాట చెప్పుంటే ఆలోచించేదాన్ని కదా, సరే కానివ్వు అంది.

నిజమే. నాకు అప్పుడు తట్టలేదు. నా మీద నాకే ఛీ అనిపించింది.

మార్చి 28, శుక్రవారం

పెద్దదాంట్లో మొదటి నాలుగు. టైలరమ్మ, ఒక బస్సు డ్రైవర్, ఇంకొక ముసలాయన, మా ఆడపడుచు. ఎవరి ప్రాసెసర్ వాళ్ళది. ఆడపడుచు ఎవరినీ దాటలేదు. లైనే ముందుకి జరిగింది.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన సంతోషించాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె భయం అంతా ఇప్పుడు మాస్కు మీద. పట్టకపోతే? టైలరమ్మకి లాగే ఈలోపు వాచిపోయుంటే?  రోజుకి పదిసార్లు ఆమె మెడ తడుముకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

మార్చి 31, సోమవారం

మాస్కు పట్టింది. టైలరమ్మ కొత్తదీ పట్టింది.

ఏప్రిల్ 17, గురువారం

ఆడపడుచుకి గొంతు పూర్తిగా పోయింది. అది ఇలాగే ఉంటుంది, మళ్ళీ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. మెడ చర్మం కమిలి నల్లబడింది. నోరంతా పుళ్ళు. జిగురు ఉమ్ము ఆగకుండా వస్తుంది. గిన్నె నేనే పట్టుకుంటాను, నేనే కడుగుతాను. మొదట్లో ఊపిరి బిగబట్టి కడిగేదాన్ని. ఇప్పుడు అదీ లేదు. రోతకి కూడా అలవాటు పడతాం.

ఇంకా నాతో మాట్లాడటం లేదు. గొంతు లేక కాదు. మా ఆయనకి సైగలు చేస్తుంది, టైలరమ్మకి ఫోనులో మెసేజిలు పెడుతుంది, నాకేమో గిన్నె చాపుతుంది. ఇంత కచ్చితంగా కోపం పట్టుకోవడం అందరివల్లా కాదు.

మే 9, శుక్రవారం

ఆడపడుచు రేడియేషన్ అయిపోయింది. టైలరమ్మదీ. ఆఖరి రోజు ఇద్దరూ బెంచీ మీద ఫోటో దిగారు.

ఈ రోజే సెంటు మనుషులొచ్చి పెద్ద పెట్టె మోసుకుపోయారు. వాళ్ళ ఆఫీసులో ఎవరో లెక్కలడిగారట. అతను రాలేదు. ఫోన్ చేసి క్షమించమన్నాడు. అతని గొంతు నిజంగానే చిన్నబోయింది. కంపెనీ అతనికీ మెమో ఇచ్చిందట. అతన్ని నేనేమనుకోవాలో ఇప్పుడు తెలియడం లేదు. అదొక చికాకు.

మొన్న ఒక మధ్యాహ్నం బెంచీ ఖాళీగా ఉంది. కారిడార్‌లో నడుస్తూ ఎవరో చనిపోయారేమో అనుకున్నాను. కాదు. అందరివీ అయిపోయాయి, అంతే. ఖాళీ బెంచీ మీద ఒక్క నిమిషం కూర్చుని లేచాను.

వచ్చే వారం నుంచి మళ్ళీ గంటకి ఒకటి. డెంటిస్టుగారి తమ్ముడు కూడా వస్తున్నాడట.

మే 20, మంగళవారం

మెమోకి మూడో జవాబు రాశాను. ఈసారి ఇంక్రిమెంట్ ఆపారు. తేనెసీసా టాఫీ ఇవ్వబోయారు. షుగర్ ఉందండీ అన్నాను. లేదు.

జూన్ 6, శుక్రవారం

ఆడపడుచుకి గొంతు తిరిగొచ్చింది. గిన్నె మీద చెంచా గీకినట్టుంది, కానీ మాటే. మొదటి మాట నాకే.

కూరలో ఉప్పు లేదట.

ఉంది. సరిపడా వేశాను. మా ఆయన నోరు తెరవబోయాడు, నేను కాలు తొక్కాను. రేడియేషన్ తర్వాత నాలుకకి రుచి రావడానికి ఇంకా నెలలు పడుతుంది. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఇరవై ఏళ్ళయినా నీకు వంట రాలేదు వదినా అంది.

లేచి ఇంకో చెంచాడు వేసి కలిపాను. ముగ్గురం అదే తిన్నాం.